గ్రాఫులో దిగిన గీత

ఉదయలక్ష్మి మేడం ఎల్బీనగర్‌లో మా ఇంటి మీది పోర్షన్‌లో కిరాయికి దిగిన కొత్తలో, మా అత్తమ్మ కనకమ్మకు ఆమె మీద బొత్తిగా నమ్మకం లేదు. ఆంధ్రా నుంచి వచ్చిన మనిషి, నలభైకి దగ్గరపడినా పెళ్లి కాలేదు. పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ పాఠం చెప్పి, అటు నుంచి అటే యూనివర్సిటీకి వెళ్లి, చీకటి పడ్డాక తిరిగొచ్చేది. చుట్టాలు రారు. ఫోను మోగదు. "గా బిడ్డ గంతసేపు ఆడ ఏం జేస్తదే వాసంతీ?" అని అత్తమ్మ నా ప్రాణం తీసేది. నేనేం చెప్పను? పోచంపల్లి నుంచి వచ్చి చీరల కొట్టు పెట్టుకున్నవాళ్లం. నాకు సైన్సు పదో తరగతితోనే చెల్లు.

ఉండబట్టలేక ఓ ఆదివారం నేనే అడిగాను. అడిగినందుకే ఆమె ముఖం విప్పారింది. పాపం, అంతకుముందు ఎవరూ అడిగినట్టు లేదు. కాఫీ చల్లారిపోయేదాకా చెప్పింది. నాకు ఎక్కినంతవరకు సంగతి ఇది. వెలుగుకీ రేడియో తరంగాలకీ మధ్య టెరాహెర్ట్జ్ అనే తరంగాలున్నాయట. లోహపు రేకు మీద అవి నిలవవు, రేకును అంటీ అంటనట్టు పైపైన తేలిపోతాయి. ఇండియం యాంటిమొనైడ్ అనే సెమీకండక్టర్ బిళ్ల మీద సన్నటి చాళ్లు చెక్కి పంపితే మాత్రం, వాటిలో ఒక తరంగం ఆ బిళ్లను గట్టిగా కరుచుకుని దాని మీదే పాకుతుంది. అలా పాకేదాన్ని ప్లాస్మాన్ అంటారట. అంటుకుపోయింది వెనక్కి రాదు కాబట్టి గ్రాఫులో ఆ చోట గీత కిందికి దిగుతుంది. దాన్ని ఆమె డిప్ అనేది. ఆ డిప్ కోసమే ఇన్నేళ్ల చదువూ.

బిళ్లను పెద్దది చేసి తీసిన ఫొటో చూపిస్తే అత్తమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "ఇది మగ్గం మీది పడుగు లెక్కనే ఉన్నది గదనే!" అంది. ఆ రోజు నుంచి మేడం మీద అనుమానం పోయి, పైకి పచ్చిపులుసు పంపడం మొదలుపెట్టింది.

రెండు వేల పదకొండు వేసవిలో ఆ డిప్ రానే వచ్చింది. మేడం మైసూర్‌పాక్ డబ్బాతో కిందికి దిగి, మెట్ల మీదే నా నోట్లో ముక్క పెట్టింది. ఆమె థీసిస్‌కు యూనివర్సిటీ ఇచ్చిన ఆఖరి గడువు అక్టోబరుతో సరి. అది దాటితే రిజిస్ట్రేషన్ రద్దు, పడిన పాటంతా మట్టిపాలు. గైడు చక్రపాణి గారు ఎప్పుడో రిటైరై ఇంట్లో కూర్చున్నారు, సంతకాలకు తప్ప అక్కరకు రారు. ల్యాబులో ఉన్న ఒక్క జూనియరూ ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. ఇప్పుడు డిప్ వచ్చింది కనుక గండం గట్టెక్కినట్టే.

ఒక్క నలుసు మాత్రం మిగిలింది. అది నిజంగా ప్లాస్మానే అయితే, బిళ్లను వేడి చేసినప్పుడు డిప్ ఉన్న చోటు నుంచి పక్కకు జరగాలి. జరగలేదు. "హీటరు సరిగ్గా అంటుకున్నట్టు లేదండీ, ఇంకోసారి చేస్తే సరి," అంది మేడం, అవసరమైన దానికంటే కాస్త గట్టిగానే.

ఆ ఇంకోసారికి తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మె అడ్డొచ్చింది. బస్సులు ఆగాయి, ఆఫీసులు మూతపడ్డాయి. నేను సమ్మె మనిషిని. ఎల్బీనగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద వంటావార్పు పెడితే పప్పు గరిట నా చేతిలోనే ఉంది. అది తప్పని ఎవరైనా అంటే ఇప్పటికీ పోట్లాటకు సిద్ధం. కానీ రోజూ జెండాతో ఇంటికొచ్చి చూస్తే, మీది పోర్షన్ బాల్కనీలో ఆమె ఒక్కతే నిలబడి రోడ్డు వైపు చూస్తుండేది.

అక్టోబరు మొదట్లో ఓ పొద్దున కిందికొచ్చింది. "వాసంతి గారూ, మీకు ఇబ్బంది లేకపోతే..." అని ఆగిపోయింది.

"ఏంది మేడం? చెప్పుండ్రి."

"ల్యాబుకి వెళ్లాలండీ. దారిలో ఎవరైనా ఆపితే నా మాట వినగానే ఆంధ్రా మనిషినని తెలిసిపోతుంది కదా. భయంగా ఉంది."

నేను స్కూటీ తీశాను. మూసారాంబాగ్ దగ్గర సమ్మె పిల్లలు ఆపనే ఆపారు. "యాడికక్కా?" "యూనివర్సిటీకి తమ్మీ, జర పోనియ్యి. జై తెలంగాణ!" అన్నాను. జై తెలంగాణ అని వాళ్లూ దారిచ్చారు. వెనకాల మేడం నా భుజం మీద వేసిన చెయ్యి దిగేదాకా తీయలేదు.

ల్యాబంటే ఏదో అనుకున్నాను. అదొక చిన్న గది, కిటికీలన్నీ మూసి ఉన్నాయి. వరండా అంతా నిర్మానుష్యం. ఈ తరంగాలకు తేమ గిట్టదట, గాలిలో ఉన్న నీటి ఆవిరి వాటిని మింగేస్తుందట. అందుకే యంత్రాన్ని ఒక గాజు డబ్బాలో పెట్టి పొడి నైట్రోజన్ నింపాలి. ఆ సిలిండరు వేసవి నుంచే సరిగా రావడం లేదు, సమ్మెతో పూర్తిగానే ఆగింది. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలే డబ్బాలో పరిచి మేడం నెట్టుకొస్తోంది. నన్ను తలుపు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టింది.

కాసేపటికి కరెంటు పోయింది. యంత్రం బ్యాటరీ మీద నడుస్తోంది కానీ డబ్బాలో చీకటి. బిళ్లను వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబెట్టాలి. "కాస్త ఫోను లైటు పడతారా?" అంది. ఇద్దరం డబ్బా మీదికి వంగాం, తలలు తగులుకునేంత దగ్గరగా. ఆ మరలు తిప్పడం ఎంతకీ తెమలదు. చివరికి మూత వేసి యంత్రం నడిపింది.

గ్రాఫులో గీత మునుపటికి రెట్టింపు లోతుకు దిగింది. మేడం చిన్నపిల్లలా కేక పెట్టి నా చెయ్యి పట్టుకుంది. "చూశారా! ఎంత లోతో చూశారా!" నేనూ పకపకా నవ్వాను. ఆమె అంత సంతోషంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

అంతలోనే పట్టు వదులైంది. "ఇవాళ కొత్తగా ఏం మారిందండీ?" అంది, తనలో తను అన్నట్టు.

"కరెంటు వోయింది గద మేడం."

"కాదు. మీరున్నారు."

బిళ్లను తీసి, పోలిక కోసం వాడే మామూలు లోహపు రేకు పెట్టింది. రేకు మీద డిప్ రాకూడదు, ఇన్నేళ్లలో ఎన్నడూ రాలేదు. "ఇందాకటిలాగే వంగి, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి," అంది. ఏం మాట్లాడాలో తోచక, పోచంపల్లిలో మా అమ్మ నూలుకు ముళ్లేసి రంగులో ముంచే తీరంతా చెప్పుకొచ్చాను. ఆమె తనూ వంగి వింది. మూత వేసి నడిపింది.

రేకు మీదా గీత దిగింది. అదే చోట.

రేకునైతే చిటికెలో పెట్టేసి మూత వేసేదట. బిళ్లకు మాత్రం డబ్బా మీదికి వంగి చాలాసేపు మరలు తిప్పాలి. నైట్రోజన్ తగ్గిన వేసవి నుంచి, ఆ సేపంతా ఊపిరిలోని తేమ డబ్బాలో నిండేది. అందుకే డిప్ ఎప్పుడూ బిళ్లకే వచ్చింది, రేకుకు రాలేదు. ఇవాళ ఇద్దరం వంగేసరికి రెట్టింపైంది. బిళ్లను వేడి చేసినా డిప్ జరగనిది అందుకే. "అది ప్లాస్మాన్ కాదు వాసంతి గారూ," అంది మేడం. "నా ఊపిరి."

నాకు ఒళ్లు మండింది. "ఎవ్వరికి ఎరుక మేడం? గిది మనిద్దరికే తెలుసు. గట్లనే పంపియ్యిండ్రి!" ఆమె గైడుకు ఫోను చేసింది. ఆయన గొంతు నాకూ వినపడుతూనే ఉంది. "ఎగ్జామినర్లు అంత లోతుగా చూడరమ్మా. ఉన్నదాన్ని ఉన్నట్టు ఇచ్చెయ్యి."

"చూడరు సార్. కానీ ఆ చాప్టరు తీసేస్తున్నాను," అని పెట్టేసింది. ఆ చాప్టరు లేకపోతే థీసిస్ లేదు, గడువుకు మిగిలింది ఆ నెలే. నేను ఏడ్చేశాను. ఆమె ఏడవలేదు. రేకును గుడ్డతో తుడిచి దాని డబ్బాలో పెట్టి, నా స్టూలు పక్కన నేల మీద కూర్చుంది.

"ఆ డిప్ వచ్చాక ఎవరైనా ఒక్కసారి ఈ గదికొచ్చి నా పక్కన నిలబడి ఉంటే, ఆ రోజే తెలిసిపోయేదండీ," అంది.