చెయ్యి వదిలినా ఆగని గ్రైండర్

మా మనవరాలు శ్రావణి, వాళ్ల నాన్న వెల్డింగ్ షాపు కోసం తానే తయారుచేసిన, ఇనుము కోసే బ్యాటరీ గ్రైండర్‌ను ఈ మధ్యాహ్నం నా చేతిలో పెట్టింది.

"నీ నొప్పుల చేతికి అల్కగుంటే బాపుకు ఫికరే లేదు, నానమ్మా."

నిజమే, తేలిగ్గానే ఉంది, బరువు ముందూ వెనకా సమంగా ఉంది. మీట నొక్కగానే అది నా వేళ్లలోంచి జారిపోయింది. కింద పడ్డా చక్రం ఆగక నా పాదాల వైపే వచ్చింది. మెట్లెక్కలేని నేను ఒక్క గంతులో మంచమెక్కాను. శ్రావణి బ్యాటరీ పీకేసింది.

"చెయ్యి వదిలితే ఆగాలె గదనే?"

"ఒత్తి పట్టుకుంటే బాపు వేళ్లు గుంజుతయని, ఒక్కసారి నొక్కితే తిరిగేటట్టు పెట్టిన."

"మంచిగనే ఆలోచించినవ్ బిడ్డా. వేళ్లే లేకుంటే గుంజుడు గూడ ఉండదు."

పిల్ల గబగబా స్క్రూలు విప్పింది. ఇప్పుడు ఆ మీట మారుస్తోంది. రేపు పొద్దున అది నా కొడుకు చేతిలో ఉండాల్సింది. మీ ఇంట్లో మిషన్లు చెయ్యి వదిలితే ఆగుతాయా? చూసి చెప్పండి. నేనైతే ఇంకా మంచం దిగలేదు.