గ్లూకోజ్ అయిపోయేదాకా

మా క్లాసులో ఆ అమ్మాయిని చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆమె ఇంటి నుంచి కాలేజీకి నడిచి వచ్చేది. నేనేమో రేవు పక్కనున్న ఖిదిర్‌పూర్ నుంచి రెండు బస్సులు మారి, చీర నలిగి, చెమటతో దిగేదాన్ని. ఎమ్మెస్సీ చివర్లో మా సారు తన దగ్గర పరిశోధనకు ఒక్కరినే తీసుకుంటానన్నారు. మా ఇద్దరిలో ఎవరి ప్రయోగం కుదిరితే వాళ్లకే సీటు. పని వెతుక్కుంటూ బెంగాల్ వచ్చిన మా ఇంట్లో రేవు పని కాక మరో పని చేసినవాళ్లు లేరు. ఆ సీటు నాకే కావాలి.

పేగుల్లో ఉండే మామూలు బాక్టీరియాతో ప్రయోగం. పాలచక్కెరను విరగ్గొట్టే ఎంజైము కోసం దానికి జన్యువు ఎప్పుడూ ఉంటుంది, కానీ ఊరికే నడపదు. చుట్టూ పాలచక్కెర ఉందని పసిగడితేనే పనిలో పెడుతుంది. ఎంజైము తయారైందంటే, మనం కలిపే మందుతో గొట్టంలో పసుపు రంగు వస్తుంది.

ఆమె గొట్టాలు మధ్యాహ్నానికే పసుపెక్కాయి. నావి మంచినీళ్లలా ఉన్నాయి. సారు ఆమె గొట్టాన్ని కిటికీ దగ్గర పట్టుకుని మురిసిపోయారు. సాయంత్రం ఊరేగింపుందని, బస్సులు ఆగిపోతాయని అన్నారు. అన్నీ అలాగే వదిలేసి ఇంటికొచ్చేశాను.

తప్పెక్కడో మర్నాడు తెలిసింది. కరెంటు పోతే సీసాలను ఊపే యంత్రం ఆగిపోతుంది, బాక్టీరియా సరిగ్గా పెరగదు. లోడ్‌షెడ్డింగ్ మొదలయ్యేలోపే పెరిగిపోవాలని ముందు రోజు నా బాక్టీరియాకు గ్లూకోజ్ దండిగా పోశాను. సరిగ్గా కడక్కుండానే పాలచక్కెరలో వేశాను. గ్లూకోజ్ మిగిలినంతసేపూ అవి ఆ జన్యువు జోలికే పోలేదు. అది అయిపోయాక కాసేపు పెరగడం ఆపి, అప్పుడు మొదలుపెట్టాయి. నేను వెళ్లాక ఆమే కూర్చుని నా సీసాలోంచి కూడా నమూనాలు తీసి చూసిందట. "నీవీ పసుపెక్కాయి, కాస్త ఆలస్యంగా" అని నాకు చెప్పింది. సారుకూ అదే చెప్పింది.

సీటు ఆమెకే వచ్చింది. ఆమె చెడ్డదైతే నాకెంత హాయిగా ఉండేదో. తిట్టుకోవడానికి కూడా ఏమీ మిగల్చలేదు.

ఇంట్లో చెప్పుకుని ఏడిస్తే, మా అమ్మ ఆ పిల్లని ఓసారి తీసుకురమ్మంది. తీసుకొచ్చాను. నేల మీద బాసింపట్టు వేసుకుని, ఎండుచేపల పులుసు మళ్లీ అడిగి వేయించుకుంది. అమ్మతో సగం హిందీ, సగం బెంగాలీలో ఒకటే కబుర్లు. ఆమె వెళ్లాక అమ్మ గిన్నెలు సర్దుతూ అంది:

"ఇలాటి పిల్ల నా కడుపున పుట్టుంటే ఏటి పోయేదే?"

సీటు తీసుకుంది, సరే. మా అమ్మను కూడా తీసుకోవాలా?