కోతుల డబ్బాల మా యారాలి గొంతు

మా యారాలు పోయిందన్న కబురు నాకంటె ముందు మల్యాలల ఎరువుల దుకాణపాయనకు తెల్సింది. నేను గప్పుడు సిరిసిల్లల ఉన్న. మా డబ్బాల స్పీకర్లకు ముంగట కట్టే పాలిస్టర్ బట్టను కత్తిరింపు ముక్కల లెక్కన ఇయ్యమని మరమగ్గాల సాంచెలాయనతోని గట్టిగ కొట్లాడుతున్న. ఫోన్ మోగింది. "గిట్లయిందట గదమ్మా, పాపం, మంచి మనిషి" అన్నడు దుకాణపాయన. ఎవ్వలు అని అడిగిన.  "నీ యారాలే గదమ్మా" అని చెప్పిండు. పొద్దుగాల ఛాతిల నొప్పి అన్నదట, కోరుట్లకెల్లి జగిత్యాల దవాఖానకు తీస్కపోయేటాల్లకె పానం పోయిందట. మా ఆయన అందరికి ఫోన్ జేసిండు, నాకు తప్ప. తర్వాత అడిగితె "నీకెట్ల చెప్పాల్నో సమజ్ గాలే" అన్నడు. అంత దుఃఖంల గూడ నాకు కండ్లమంటనే అయ్యింది. ఆమె సంగతి ఏదైనా నాకు ఆఖర్కే తెలుస్తది.

ఆమె మా ఆయన అన్న పెండ్లాం. నేను అక్క అని పిలిచేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. బట్ట ఆడనే ఇడ్సిపెట్టి బస్సెక్కిన. బస్సు కథలాపూర్ దాటినంక ఒక కాడ ఎవ్వలో దిగుతందుకు ఆగితె, కిటికిలకెల్లి ఆమె గొంతే ఇనబడ్డది.

మీరు గా తొవ్వల మక్కచేన్ల పక్కపొంటి ఎప్పుడన్న పోయి ఉంటె మీరు గూడ ఇనే ఉంటరు. చేను నడుమ కట్టెకు కట్టిన తెల్ల డబ్బా ఉంటది. ఉండి ఉండి ఆడమనిషి గొంతుతోని అరుస్తది. "ఓ చెల్లె... ఆగు... జరుగు, జరుగవే ఆడికెల్లి" అంటది. కోతులు కంకులు ఇడ్సిపెట్టి ఉరుకుతయి. గా డబ్బాలు చేసేది మేమే. గా గొంతు మా అక్కది. నా పక్కకు కూసున్న ముసలామె "గసొంటిది మా చేన్ల గూడ ఉన్నది బిడ్డా, మంచిగ పనిజేస్తది" అన్నది. గొంతు ఎవ్వలదో నేను చెప్పలే. నోరు తెరిస్తె ఏడ్పు ఆగదని కొంగు అడ్డం పెట్టుకున్న.

మా ఆయన దుబాయిల రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణంల పనిజేసిండు. పెండ్లయినంక ఆయన నా పక్కకు ఉన్న దినాలకంటె ఫోన్ల ఉన్న దినాలే ఎక్కువ. తిరిగొచ్చినంక "ఇగ పోను, ఈడనే ఏదన్న చేస్త" అన్నడు. గప్పటికె కోతులు ఊర్లపొంటి మక్కను బతుకనిస్తలేవు. అరిసే డబ్బా ఒకటి చేసి చేన్ల పెడ్తె మనిషి కావలి ఉండే పని తప్పుతదని ఆయన ఆలోచన. "గివి నడిస్తె ఉంట, నడువకపోతె మల్ల వీసా చూస్కుంట" అన్నడు. గందుకే గవి నాకు వట్టి డబ్బాలు గావు. ఒక్కొక్క డబ్బా వాపస్ అచ్చినప్పుడల్ల నా మొగడు విమానం ఎక్కుతున్నట్టే అనిపిచ్చేది.

అక్క మాకు కోరుట్లల పక్కింట్లనే ఉంటది. అక్క మొగడు, మా బావ, మస్కట్ల ఉండె. అక్క బీడీలు చుట్టేది. ఆమె వేళ్లు ఊకె ఉండకపోయేటియి. చాట పక్కకు పెట్టి మా ఇంట్లకొచ్చి "ఏం పనున్నది తమ్మి?" అని మా ఆయన్ను అడిగేది. ఆయన ఒకసారి చూపిచ్చిండు, ఇగ సోల్డరింగ్ ఆమెదే అయిపోయింది. నేను నేర్సుకోవాల్నని కూసుంటె మాత్రం "నువ్వు బట్ట కత్తిరియ్యి" అన్నడు. పొద్దున లేస్తె "వదినె ఏదీ", మాపటికి "వదినె ఏమన్నది". నేనేమన్ననో ఒక్కనాడు గూడ అడుగలే. నేనూ మనిషినే గద.

ఆమె పనిజేసుకుంట సామాన్లతోని మాట్లాడేది. స్క్రూ పట్టకపోతె "ఏందిరా, నీకేం రోగం, మంచిగ పో లోపలికి" అనేది. చాయ ఎప్పుడు పోసినా సగం తాగి సగం నా దిక్కు జరిపేది, తాగుతవా అని అడిగేది గాదు. నాకు ఎంగిలి చాయ ఇష్టం లేదని మొహం మీదనే చెప్పిన. "ఇష్టం లేకుంటె మొక్కకు పొయ్యి" అన్నది. నేను తాగేదాన్ని, కోపంతోనే.

మొదటి లాటు డబ్బాలల్ల ఎవ్వల గొంతు పెట్టాల్నన్న లొల్లి అయ్యింది. మా ఆయన అరిసి చూసిండు. దుబాయిల అందరిని సార్ సార్ అని అని ఆయన గొంతు గంతే మెత్తబడ్డది. నేను అరిసిన. నేను బాగనే అరిసిన, మా వాడకట్టు మొత్తం ఇన్నది. స్పీకర్లకెల్లి మాత్రం గర్రుమన్నది. "నీ గొంతును గిది పట్టలేదు" అన్నడు. "స్పీకర్ మార్చు, నా గొంతుకేమైంది" అన్న. ఆయన నవ్విండు. "వదినె, నువ్వు ఒకసారి అరువు" అన్నడు. అక్క ఫోన్ ముంగట నిలబడి సిగ్గుపడి కొంగు నోట్ల పెట్టుకున్నది. "ఎవ్వల మీద అరువాలె తమ్మి? ఊకె అరిస్తె గొంతు ఎట్లస్తది?" అన్నది. ఇగ ఎవ్వల గొంతు లేకుండ పులి గాండ్రింపు ఫోన్లకెల్లి ఎక్కిచ్చి పంపినం.

వాన పడ్డది. స్పీకర్ల లోపలి కాగితం నాని పులి దగ్గుడు పట్టింది. కోతులు డబ్బాలు ఊడపీకి వైర్లు కొరికినయి. మల్యాల దుకాణపాయన ఎరువు సంచులల్ల నింపి వాపస్ పంపిండు. మా ఆయన గా సంచుల పక్కకు కూసుండి అన్నం గూడ తినలే. నేను తిట్టిన, దుకాణపాయన్ను, వానను, కోతులను, అందర్ని. అక్కనేమో ఒక డబ్బా ఇప్పింది, ఇంకోటి ఇప్పింది. "పాడైందాన్ని చూస్కుంట కూసుంటె ఏమొస్తది, ఏడికెల్లి పాడైందో చూడాలె" అన్నది. గా మాట నేను అంటె గొణుగుడు అంటరు. ఆమె అంటె మా ఆయన లేసి ముఖం కడుక్కున్నడు.

రెండో లాటుకు కాగితం లేని స్పీకర్లు తెచ్చినం, ముంగట బట్ట కట్టినం. ఎండకాలమొచ్చింది. మిట్ట మధ్యాహ్నం చేన్ల డబ్బా పెనం లెక్క కాలి, స్పీకర్ అతికిచ్చిన జిగురు కరిగి ఊడి లోపల పడ్డది. మల్ల సంచులు వాపస్. గప్పుడే దుబాయి ఏజెంటు ఫోన్ జేసుడు షురువైంది. మా ఆయన బయటికి పోయి మాట్లాడేటోడు, నాకు ఇనబడొద్దని. అక్క బీడీలకు చుట్టే దారం తెచ్చి, జిగురు లేకుండ స్పీకర్ను నాలుగు దిక్కుల కట్టి ముడేసింది. డబ్బా ఎండల పెట్టి చూసినం, ఊడలే. మా ఆయన డబ్బాను ఇటు తిప్పి అటు తిప్పి "వదినె లేకుంటె నేనేం జేద్దు" అన్నడు, నా ముంగటనే. నేను వంటింట్లకు పోయి గిన్నెలు గట్టిగ పెట్టిన. నాకు ఓర్వబుద్ధి గాలే, ఎందుకు అబద్ధమాడాలె.

అక్క ఎనుకనే అచ్చింది. "గిన్నెలేం జేసినయి నీకు?" అన్నది. "నీ మరిదిని అడుగు" అన్న. ఆమె నవ్వలే. "నీకేందే, కొట్లాడుతందుకన్న నీ మొగడు ఇంట్ల ఉన్నడు. నేను ఎవ్వల మీద గిన్నెలు ఇసిరేయాలె? నిన్ను చూస్తె నాకు ఎంత కండ్లమంటనో నీకేం ఎరుక. నీ మొగడన్న పోవద్దనే గీ డబ్బాలు కడుతున్న" అన్నది.  అన్నం పెట్టిన, ఇద్దరం తిన్నం. గంత చెప్పినంక గూడ నా కుళ్లు పోలే, ఆమెది పోలే. గది అట్లనే ఉంచుకోని కలిసి పనిజేసినం.

తర్వాత ఒకనాడు పొద్దుగాల దారం కట్టిన డబ్బాను ఆరుబైట చూద్దామని కథలాపూర్ల మా తల్లిగారి చేనుకు పోయినం. పులి గాండ్రింపుకు కోతులు అలవాటు పడ్డయి, మనిషి గొంతే పెట్టాలె అని మా ఆయన మల్ల ఫోన్ల రికార్డు పెట్టి "వదినె, ఈసారన్న అరువు" అన్నడు. అక్క మల్ల నవ్వుకుంట నిలబడ్డది. నాకు ఒళ్లు మండి పక్కచేను దిక్కు తిరిగి గెట్టు పొంటి నడిసిన. పక్కచేనాయన అడివి పందులకని గెట్టు మీద కరెంటు తీగ గుంజిండు. పొద్దుగాల బంద్ జేసుడు మర్సిపోయిండు. గడ్డిల గది నాకు కనబడలే. అక్కకు కనబడ్డది.

గప్పుడు అరిసింది. ఓ చెల్లె, ఆగు, జరుగు, జరుగవే ఆడికెల్లి. నా కాలు గాలిల ఆగింది. చెట్ల మీద కోతులన్ని ఒక్కసారి లేసి ఉరికినయి. అక్క అచ్చి నా చెయ్యి గుంజి, చెంప మీద ఒక్కటిచ్చి, తర్వాత తనే ఏడ్సింది. మా ఆయన చేతుల ఫోన్ రికార్డు అయితనే ఉన్నది.

గదే పెట్టిండు డబ్బాల. నాకు జర గూడ నచ్చలే. "కనీసం చెల్లె అన్న మాటన్న తీసెయ్యి, ఊరంత నన్ను తిట్టినట్టున్నది" అన్న. అక్కనే వద్దన్నది. "ఉండనియ్యి, కోతులు గూడ చెల్లెండ్లే అనుకో" అన్నది. వేరే దుకాణంల కొన్న, డబ్బాల గొంతు పలికిచ్చే కొత్త సర్క్యూట్ బోర్డులేమో గా గొంతును జల్ది జల్ది పలికినయి. అక్క గొంతు చిన్నపోరి గొంతయ్యి కీచుమన్నది, కోతులు కూసుండి ఇన్నయి. డబ్బాలు మల్ల ఆగినయని దిగులు ఒక దిక్కు. ఆమె గొంతుకు గూడ వంక వచ్చిందని నాకు లోపల సల్లగ అయ్యింది ఒక దిక్కు. బోర్డులు వాపస్ ఇచ్చి, పాత రకం ఎతికి తెచ్చి, అక్క అన్ని మల్ల కట్టింది. మొదటి డబ్బా పక్కచేనాయననే తీస్కున్నడు. గా కరెంటు తీగ పీకేసిండు. ఇగ సారంగాపూర్ దాక అడుగుడు మొదలైంది. మా ఆయన ఏజెంటుకు రాను అని చెప్పిండు. చెప్పిన సంగతి ముందుగాల వదినెకు చెప్పిండు, తర్వాత నాకు.

బావ మస్కట్కెల్లి ఆఖరి చూపుకు అందిండు. దినాలైనంక మాతోని కథలాపూర్ల మా తల్లిగారి చేన్లకొచ్చిండు. మా చేన్ల డబ్బా అరిసింది. ఆయన ఉన్నకాడనే కూలబడ్డడు. "తమ్మి, గా గొంతు తీసెయ్యిరా" అన్నడు. "గిన్నేండ్లు నేను ఫోన్ల ఇన్నది గదే. చేను చేనుకు ఇనబడుతుంటె నేను ఈ ఊర్లల్ల తిరుగలేను."

మా ఆయన సరే అన్నడు. కొత్త లాటు ఎట్లనూ చెయ్యాలె, మల్యాలాయన అడుగుతున్నడు. మా చేన్ల డబ్బా బంద్ జేసి, నా దిక్కు చూసి "ఇగ నీ గొంతు పెడ్దం. స్పీకర్ పెద్దది తెస్త" అన్నడు. ఎన్నటి సంది నేను కోరుకున్న మాట. ఏ పొద్దు రావాల్సింది ఏ పొద్దొచ్చింది. అక్క నన్ను ఆపిన గా గెట్టు మీదనే నిలబడ్డ. ఆయన ఫోన్ లేపిండు. బావ చెయ్యి అడ్డం పెట్టుకోని కండ్లు మూసుకున్నడు. నేను గుండె నిండ ఊపిరి పట్టిన.

పక్కచేన్ల డబ్బాను ఎవ్వలు బంద్ జెయ్యలే. "ఓ చెల్లె... ఆగు... జరుగు, జరుగవే ఆడికెల్లి."

నేను కాళ్ల కింద చూసిన. గడ్డి తప్ప ఏం లేదు. అయినా ఒక అడుగు పక్కకు జరిగిన.

బావ కండ్లు తెరిసి చూసిండు. "ఏమైందమ్మా?" అన్నడు.

"అక్క జరుగుమన్నది బావా" అన్న. "గది కోతులను గాదు, నన్ను పిల్సింది. ఊరూరికి పంచినం గని, గా పిలుపు నాది."

మా ఆయన ఫోన్ కిందికి దించిండు. బావ గెట్టు మీద జర పక్కకు జరిగి నాకు జాగిచ్చిండు. డబ్బా మల్ల ఎప్పుడు అరుస్తదా అని ముగ్గురం ఆడనే కూసున్నం. ఈసారన్న వాళ్లిద్దరికంటె ముందు నాకే ఇనబడాలె అని చెవి అటు పెట్టిన.