లేని ఉద్యోగానికి చెప్పిన స్తోత్రం

క్రీస్తు ప్రేమించిన సహోదరులారా, అక్కలారా, ఈ రోజు మీ ముందు నిలబడింది మొదట మిమ్మల్ని క్షమాపణ అడగడానికి, ఆ తర్వాతే సాక్ష్యం చెప్పడానికి! మా ఆయనతో మస్కట్ వెళ్లకముందు ఆరేళ్లు నేను ఈ వికారాబాద్ నుంచి రోజూ రైల్లో తాండూరు వెళ్లి, ఒక నాపరాయి పాలిష్ యూనిట్‌లో పనివాళ్ల హాజరు, సెలవులు, తగాదాలు అన్నీ చూసేదాన్ని, ఎంబీఏ కూడా చదివాను కదా, అక్కడ హెచ్చార్ ఉద్యోగం ఇట్టే దొరుకుతుందని అందరికీ గొప్పలు చెప్పి మరీ విమానం ఎక్కాను. ఎక్కడా దొరకలేదు! ఈ దేశంలో అనుభవం ఉందా అనే ప్రతిచోటా అడిగారు. రాళ్ల ఫ్యాక్టరీ అని చెప్పుకోవడానికి నామోషీ అనిపించి, దరఖాస్తులో దాన్నో పెద్ద కంపెనీగా, నన్నో పెద్ద అధికారిగా రాసుకున్నాను, వాళ్లు రెండు ప్రశ్నలు లోతుగా అడిగేసరికి దొరికిపోయేదాన్ని. ఆయన పనికి వెళ్లాక తలుపు వేసుకుని గోడవైపు తిరిగి పడుకునేదాన్ని, బైబిలు తెరవడమే మానేశాను.

అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఉద్యోగం గురించే అడిగేది. ఒకరోజు విసిగిపోయి, వచ్చిందన్నాను. మా అమ్మ సంగతి మీకు తెలియనిదా! మర్నాడే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టి, బగారన్నం వండి మీ అందరికీ వడ్డించి, మీరంతా చేతులెత్తి స్తోత్రం చెబుతుంటే వీడియో కాల్‌లో నాకు చూపించింది. లేని ఉద్యోగానికి, సహోదరులారా! పక్కింటి శాంతమ్మక్క కళ్లనీళ్లు పెట్టుకుని దేవుణ్ణి స్తుతిస్తోంది, నేనేమో అక్కడ నవ్వుతూ చెయ్యి ఊపుతున్నాను.

ఫోన్ పెట్టేసి నేలమీద పడిపోయాను. "ప్రభువా, నీ బిడ్డల నోట నీ ముందే అబద్ధం పలికించాను, ఉద్యోగం మాట తర్వాత తండ్రీ, ముందు నా నాలుకను కడుగు" అని ఏడ్చి, ఆ గంటలోనే అమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

"గింత అబద్ధమెట్ల ఆడినవ్ బిడ్డా? గని దేవునికి చెప్పిన స్తోత్రం నేనైతే వాపస్ తీసుకోను. ఇగ నువ్వు నిజం చెప్పుడు షురూ చెయ్. సెలవుకొచ్చినంక సంఘంల నువ్వే నిలవడి చెప్పాలె" అంది అమ్మ.

పాత దరఖాస్తు చింపేసి ఉన్నదే రాసుకున్నాను. ఆ నెలలోనే ఒక నిర్మాణ కంపెనీ పిలిచింది. ఎదురుగా కూర్చున్న అధికారిణి ఆ దేశపు ఆవిడే, పనివాడు చెప్పకుండా మానేస్తే ఏం చేస్తావని అడిగింది. నేను పనిచేసింది చిన్న రాళ్ల ఫ్యాక్టరీ అమ్మా, మనిషి రాకపోతే సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, వాళ్లిచ్చిన చాయ్ తాగుతూ ఏమైందని అడిగేదాన్ని, అంతకంటే నాకేమీ తెలియదు అన్నాను. ఆవిడ కలం కింద పెట్టింది. వాళ్ల పనివాళ్లు చెప్పకుండా మానేస్తున్నారట, వాళ్లుండే క్యాంపుకు వెళ్లి ఎందుకని అడిగే మనిషి ఒక్కరూ లేరట, అక్కడ సగం మంది తెలుగు, ఉర్దూ, కన్నడ మాట్లాడేవాళ్లేనట! తాండూరులో ఆ మూడూ రోజూ నా చెవిన పడ్డవే కదా! నేను సిగ్గుపడి దాచిపెట్టిన చోటునే దేవుడు నాకు తలుపుగా తెరిచాడు, ఆరేళ్లు ఆ దుమ్ములో నన్ను ఆయనే సిద్ధం చేస్తున్నాడని నాకేం తెలుసు! సోమవారం నుంచే రమ్మన్నారు.

నా అబద్ధాన్ని ఆయన దీవించాడని అనుకోకండి, ఆయన విన్నది మీ స్తోత్రాన్ని. ఉద్యోగం రాకపోయినా నేను ఈ రోజు ఇక్కడ నిలబడవలసినదాన్నే. మీలో ఎవరైనా లేనిది ఉన్నట్టు చూపించుకుంటూ అలసిపోయి ఉంటే, ఇంటికి వెళ్లేదాకా కూడా ఆగకండి, ఆయనతో నిజం చెప్పండి, ఆయన తోసివేసే దేవుడు కాడు. దేవునికే మహిమ! ఇక మీరు నన్ను క్షమించామంటేనే నేను కూర్చుంటాను.