చిన్నమామ ట్రక్కు, లేని క్లచ్చు

బీయస్సీ రెండో సంవత్సరం చదివేవాడికి తెలియని విషయం ప్రపంచంలో ఉండదని ఆ రోజుల్లో లాల్‌దర్వాజాలో ఒక నమ్మకం ఉండేది. దాన్ని పుట్టించిందెవరో నాకు తెలియదు గాని, ఎదురు చెప్పకుండా పెంచినవాణ్ని మాత్రం నేనే. కోర్టు నోటీసులు, మందు సీసాల మీది చీటీలు, ఇంగ్లీషులో ఏమున్నా నా దగ్గరికే వచ్చేవి. చదివి, గంభీరంగా తలాడించి, ఏదో ఒకటి చెప్పేవాణ్ని. (మందు చీటీలు తెచ్చినవాళ్లందరూ బతికే ఉన్నారు. కనుక నా పేరుకు ఢోకా లేదు.)

నేను ఉండి చదువుకున్నది చిన్నమామ ఇంట్లో. అమ్మకు ఆఖరి తమ్ముడు, పాల వ్యాపారం. బర్రెలకు గడ్డి తేవడానికి ఆయనకు యుద్ధకాలం నాటి మిలిటరీ ట్రక్కు ఒకటుండేది. నాలుగు చక్రాలూ లాగే బండి కావడంతో వానాకాలం బురదలో కూడా పొలం మధ్య దాకా పోయేది. ఆ ట్రక్కు ఇంజన్ ఒకనాడు శాశ్వతంగా ఊరుకుంది. అదే వారం హుస్సేనీ ఆలంలో ఉన్న మెకానిక్ ఉస్తాద్ దగ్గరికి, లారీ గుద్ది వెనక సగం అప్పడమైన విలాయతీ కారొకటి వచ్చింది. ముందు సగంలో ఇంజన్ భేషుగ్గా ఉంది. గేర్‌పెట్టె ఆటోమేటిక్. కారుతో వచ్చిన పుస్తకం, అలవాటు ప్రకారం, నా చేతిలో పెట్టారు.

"దీంట్ల క్లచ్ ఉండది మామా. గేర్లు అవ్వే పడతయి. నువ్వు ఊకె కూసుంటే చాలు," అన్నాను. ఆ పుస్తకంలో నాకు అర్థమైంది ఆ ముక్కొక్కటే. చిన్నమామ ఆ ముక్కను నమ్మి, ఆ ఇంజన్నూ గేర్‌పెట్టెనూ కొని ట్రక్కుకు బిగించడానికి రెండు బర్రెలను అమ్మేశాడు. ఆ సాయంత్రం నుంచి అత్త నాతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టేది. చెప్పాల్సిందంతా కంచం చప్పుడే చెప్పేది.

ఉస్తాద్ రెండు నెలలు కష్టపడ్డాడు. కొత్త గేర్‌పెట్టెను, నాలుగు చక్రాలనూ తిప్పే పాత పెట్టెకు కలపడానికి లేత్ మీద ఇనుపబిళ్ల కోయించాడు. షాఫ్టు కురచ చేశాడు. రేడియేటర్‌ను ముందుకు జరిపాడు. బండి కదిలింది. చిక్కంతా చిన్నమామ ఎడమకాలితో వచ్చింది. ఇరవై ఏళ్ల అలవాటు కదా, ఇంజన్ మోత మారినప్పుడల్లా అది తనంతట తానే లేచి క్లచ్ కోసం బలంగా తొక్కేది. అక్కడిప్పుడు వెడల్పాటి బ్రేకు ఉంది. సంతోష్‌నగర్ దాకా వెళ్లొచ్చేలోగా నా నుదురు ముందద్దాన్ని ఏడుసార్లు కలుసుకుంది.

"కాలు అవతల పెట్టు మామా!"

"పెడుతనే ఉన్నరా! అది ఇనాలె గద?"

ఉస్తాద్ బీడీ ఆర్పి ఆలోచించాడు. "కాలుకు ఏదన్న పని ఇయ్యాలె భాయ్. ఖాళీగ ఉంటే ఊకుంటదా?" అని పాత క్లచ్ పెడల్‌నే బ్రేకు పక్కన వెల్డింగ్ చేసి కింద ఒక స్ప్రింగు తగిలించాడు. తొక్కితే దిగేది, వదిలితే లేచేది. అంతకుమించి దానికి బాధ్యతలు లేవు. చిన్నమామ దాన్ని తొక్కుకుంటూ హాయిగా తోలసాగాడు.

ఇక మిగిలింది రవాణా ఆఫీసులో ఫిట్‌నెస్ పరీక్ష. ఇన్‌స్పెక్టర్ కాదంటే బండి పాత ఇనుము కింద తూకానికే. రెండు బర్రెలూ నా ఖాతాలోనే. ఆ ఇన్‌స్పెక్టర్ పచ్చి నిజాయితీపరుడట. అంతకంటే భయంకరమైన వార్త మాకు ఆ వారంలో అందలేదు.

ఆయన లైట్లు చూశాడు, హారన్ కొట్టాడు, చక్రాలను తన్నాడు. చిన్నమామ ఎక్కబోతుంటే, "నువ్వు దిగవయ్యా, నేను తోల్త," అన్నాడు. నేను మధ్యలో, ఉస్తాద్ చివరన కూర్చున్నాం.

"గేర్లేవి?"

"అవ్వే మారుతయి సాబ్. గీ కడ్డీ ఇక్కడ పెడితే చాలు," అన్నాడు ఉస్తాద్.

"మరి క్లచ్ ఎందుకు?"

ఉస్తాద్ రెప్ప వేయలేదు. "అలవాటు కోసం సాబ్."

"అలవాటు మంచిదే," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆఫీసు వెనక నిటారుగా ఒక ఎత్తు ఉంది. సగంలో బండి ఆపాడు. "ఇగ చూడు. వెనకకు జానెడు జారినా కాయితం మీద సంతకం పెట్ట," అన్నాడు. పక్కద్దంలో చూశాను. బండి జారితే చక్రం కింద పెట్టడానికి చిన్నమామ రెండు చేతులతో బండరాయి ఎత్తుకుని వెనకే వస్తున్నాడు. ఆయన పెదాలు కదులుతున్నాయి. దేవుణ్ని తలుస్తున్నాడో, నన్ను తలుస్తున్నాడో తెలియలేదు.

ఇన్‌స్పెక్టర్ ఎడమకాలితో పెడల్‌ను అడుగంటా తొక్కాడు. కుడికాలు బ్రేకు మీంచి తీసి యాక్సిలరేటర్ మీద పెట్టాడు. ఇంజన్ గుర్రుమంది. ఎడమకాలిని, నిద్రపోతున్న పసిపిల్ల మీంచి చెయ్యి తీసినంత నెమ్మదిగా పైకి వదిలాడు. బండి అంగుళమైనా జారకుండా ఎత్తెక్కింది.

"చూసినవా?" ఆయన ముఖం వెలిగిపోతోంది. "సగం దాక వదిలి ఆడ పట్టాలె. బండి ఆడనే పలుకుతది. మీ కాలేజీల గిది చెప్పరు."

బండిని పట్టింది పెడల్ కాదు, గేర్‌పెట్టేనన్న భౌతికశాస్త్రం నా గొంతు దాకా వచ్చేసింది. "సార్, అది అసలు..." అన్నాను. ఉస్తాద్ బూటు నా బొటనవేలి మీద నిండు బరువుతో దిగింది.

"అసలు ఏంది?"

"అసలు... ఎవ్వలు గింత మంచిగ చెప్పలే సార్ మాకు."

క్లచ్ చాలా బాగుందని స్వయంగా రాసి ఆయన సంతకం పెట్టాడు. చిన్నమామ బండరాయి దించడం మరిచి దాన్ని మోస్తూనే ఆఫీసు దాకా వచ్చాడు.

ఇంటికి కుంటుతూ వెళ్లాను. అత్త నా కాలు చూసింది. "ఏలుకేమైందిరా?" అంది. రెండు నెలల తర్వాత మొదటి మాట.

"ఉస్తాద్ తొక్కిండు."

"మంచిగ చేసిండు," అని పసుపు తేవడానికి లోపలికి వెళ్లింది. ఎందుకు తొక్కాడని అడగనైనా లేదు.

ఇప్పుడు తలుచుకుంటే ఆ బీయస్సీ కుర్రాడి మీద ముచ్చటేస్తుంది. మామ ట్రక్కు, అత్త మాట అన్నీ త్రాసులో ఊగుతుండగా, పాపం, ఒక పెడల్ గురించి నిజం చెప్పబోయాడు. వాడి నోరు మూయించడానికి ఒక ఉస్తాద్ కావలసి వచ్చింది. నాకిప్పుడు ఎవరి సాయమూ అక్కర్లేదు. నా కాలు నేనే తొక్కుకుంటాను.