తలుపు బయట పళ్లెం పెట్టినామె

మా ఆయన పోయినంక, ఆయన డ్రైవర్‌గా పనిచేసిన ఆఫీసులనే నాకు అటెండర్ కొలువు ఇచ్చిన్రు. నాంపల్లి స్టేషన్ కాడికెల్లి అబిడ్స్ పోయే తొవ్వల మూడంతస్తుల పాత బిల్డింగు. తొంభైల మాట. నాకు ముప్పై ఒకటి, చదువు తొమ్మిదో తరగతి దాక. ఫైళ్లు మోసుడు, నీళ్లిచ్చుడు, బెల్లు మోగితే ఉరుకుడు, గిదే పని. పనికి నాకు నామోషీ లేదు గని, మనిషిని బెల్లు కొట్టి పిలుస్తె మాత్రం ఒళ్లు మండేది. ఇప్పటికీ మండుతది.

రెండేండ్లకు ఒక ముచ్చట తెలిసింది. మా ఆఫీసు రికార్డ్ అసిస్టెంట్ సారు వచ్చే ఏడాది రిటైర్ అయితుండు. అప్పటికి పదో తరగతి పాసైన అటెండర్ ఎవరన్న ఉంటే ఆ కుర్చీ వాళ్లకే. లేకుంటే వేరే ఆఫీసుకెల్లి ఎవరినో తెస్తరు. ఆ కుర్చీ నాకు కావాలె. ఆ సారు చాయ్ తాగనీకి లేచినప్పుడల్ల దాని దిక్కే చూసేదాన్ని. సిగ్గెందుకు, ఉన్నదే చెప్తున్న.

ప్రైవేటుగా పదోది కట్టిన. తెలుగు, సోషల్ ఎట్లనో గట్టెక్కుతయ్ అనుకున్న, లెక్కలంటేనే గుండె దడ. ఒక ఆదివారం అబిడ్స్‌ల, బంద్ ఉన్న దుకాణాల ముందట ఫుట్‌పాత్ మీద పరిచిన పుస్తకాలల్ల లెక్కల గైడు ఎతుకుతుంటే ఇంకో పుస్తకం చేతికి తగిలింది. అట్ట లేదు, ముందటి పేజీలు లేవు. రాసినామె పేరు నాకు ఇప్పటికీ తెల్వదు. చిన్నప్పుడే తల్లిదండ్రిని పోగొట్టుకున్న ఒకామె అన్నవదినల ఇంట్ల నాలుగేండ్లు ఉండి చదువుకొని, నర్సు పని నేర్చుకొని, ఒక పెద్ద దవాఖానల నర్సులందరి మీద పెద్దగ అయిన కథ. ఆమె సొంతంగ రాసుకున్నది. నాలుగు పేజీలు అక్కడనే నిలబడి చదివిన. గైడు సంగతి మర్చిపోయి ఆ పుస్తకం పట్టుకొని ఇంటికొచ్చిన.

మా ఆఫీసుల మెట్ల కింద ఒక చిన్న గది ఉండేది. పగటి అన్నం మేము ఆడనే తినేటోళ్లం. నేను, ఊడ్చే అవ్వ, లిఫ్ట్ నడిపే చాచా, అకౌంట్స్ సెక్షన్ మేడం. మేడం సికింద్రాబాద్ నుంచి వచ్చేది, పై అంతస్తుల కుర్చీ ఉన్నా మాతోనే కింద కూసొని తినేది. తినేముందు కండ్లు మూసుకొని చిన్న ప్రార్థన చేసేది, అందులో మా నలుగురి కష్టాలు కూడ వరుసగ చెప్పేది. అవ్వకు, చాచాకు తెలుగు చదవరాదు. అందుకని ఆ పుస్తకం రోజుకు కొంచెం నేను పైకి చదివేదాన్ని.

ఇగ చూడుండ్రి, ఒక్క పుస్తకం, నలుగురికి నాలుగు తీర్ల ఎక్కింది. ఆ నర్సమ్మ ఎంత పని మీదున్నా పన్నెండున్నరకు తింటదని చదివిన రోజుకెల్లి చాచా సరిగ్గ పన్నెండున్నరకు లిఫ్ట్ బంద్ పెట్టుడు మొదలుపెట్టిండు. లోపల ఆఫీసరే ఉన్నా సరే, "టైమ్ అయింది సాబ్, దిగుండ్రి" అనేటోడు. పెద్ద డాక్టర్ కసిరితే నర్సమ్మ "చెప్పే పద్ధతిల చెప్పండి" అన్నదని చదివిన తెల్లారే, అవ్వ చీపురు పక్కకు పెట్టి మా సూపరింటెండెంట్‌ను అదే మాట అన్నది. ఆయన గొంతు తగ్గించి మళ్ల చెప్పిండు. మేడం ఏ కాగితం వచ్చినా ఆ రోజే జవాబు రాసుడు షురూ చేసింది, ఆమె సెక్షన్ల మిగిలినోళ్లు మమ్మల్ని తిట్టుకున్నరు.

నాకు ఎక్కింది వేరే. నర్సమ్మ పొద్దున నాలుగింటికి లేస్తదట, చన్నీళ్లు పోసుకుంటదట, గదిల గొళ్లెం పెట్టుకొని, ఎవ్వరినీ ఏమీ అడగకుండ ఒక్కతే చదివిందట. గంతే, అదే నా వేదమైంది. జనవరి చలిల చన్నీళ్లు పోసుకొని వారం రోజులు జరంతో పండుకున్న, లేచి మళ్ల పోసుకున్న. మొండిదాన్ని. లెక్కల పుస్తకంల ఒక్క ముక్క సమజ్ కాకపోయినా ఎవ్వరినీ అడగలే. మేడం ఒకటి రెండుసార్లు "ఏమన్నా చెప్పాలా అమ్మా?" అన్నది. "నేను చూసుకుంట మేడం" అన్న. అడిగితే నా చదువు తక్కువైతదని అనుకున్న.

అన్ని సబ్జెక్టులు పాసైన, లెక్కలల్ల ఇరవై రెండు వచ్చినయ్. ముప్పై ఐదు కావాలె. సారు రిటైర్ అయ్యేటందుకు ఇంకా ఏడు నెలలే ఉన్నయ్, నడుమల ఒక్కసారే మళ్ల రాసే మోక ఉంది.

ఆ రోజు మెట్ల కింద గదిల పుస్తకం మూలకు విసిరికొట్టిన. అబద్ధాల పుస్తకం అన్న. ఆమె చేసినట్టే చేసిన, ఆమె పాసైంది, నేనెందుకు కాలే అని ఏడ్చిన. సిగ్గు లేకుండ, ముక్కు చీదుకుంట ఏడ్చిన.

అవ్వ అన్నంల చారు కలుపుకుంట అడిగింది. "బిడ్డా, ఆమె గొళ్లెం పెట్టుకొని సదివింది, సరే. మరి తిన్నదా, ఉపాసం ఉన్నదా?"

"తిన్నది."

"ఎవరు వండిన్రు?"

నాకు గుర్తు లేదు. చాచా పోయి పుస్తకం దులిపి తెచ్చిండు. మొత్తం తిరగేసిన. ఒక్క దగ్గర దొరికింది. 'వదిన పళ్లెం తలుపు బయట పెట్టి వెళ్లేది.' గంతే. మళ్ల ఆ వదిన ముచ్చట పుస్తకంల ఏడ లేదు.

"నాలుగేండ్లు అన్నం పెట్టినామెకు గంతే జాగనా?" అన్నది అవ్వ. ఆమెకు నిజంగ కోపమొచ్చింది. "నువ్వు నర్సమ్మ సదివిన ముచ్చట పట్టుకున్నవ్ గని, ఆమెను సదివించిన ముచ్చట ఇడిసిపెట్టినవ్."

ఆ మాట పట్టుకొని ఇంటికి పోయిన. ఇంట్ల నేను, మా అత్తమ్మ, ఇద్దరమే. తెల్లారి నాలుగింటికి లేచి పుస్తకం ముందట కూసున్న. పక్కన చాయ్ ఉంది, చల్లారకుండ మీద స్టీలు మూత. ఆ చాయ్ ఏడాది సంది రోజూ ఉంటుంది. నేను రోజూ తాగుతున్న. ఎవరు పెడుతున్నరో నాకు తెల్వక కాదు, ఒక్కనాడు కూడ దాని గురించి అనుకోలే. ఒక్కదాన్నే చదువుతున్న అని ఆఫీసుల గొప్పలు చెప్పుకున్నదాన్ని. వంటింట్లకు పోయి చూస్తే అత్తమ్మ స్టవ్ కాడ కూసొని నా డబ్బాల అన్నం సర్దుతుంది. ఉన్న ఒక్క కొడుకు పోయిండు ఆమెకు. ఆ కొడుకు కొలువు నేను చేస్తున్న. నా మీద ఒక్క మాట అనకుండ నాకంటే ముందుగాల లేస్తుంది. నాకు నామీద ఎంత అసహ్యమేసిందో చెప్పలేను.

"అత్తమ్మా, లెక్కలు నాకు వస్తలేవు" అన్న. మొదటిసారి ఒకరికి ఆ మాట చెప్పిన.

"వచ్చేటోళ్లను అడుగు మరి. నన్నడిగితే ఏం చెప్తా?" అన్నది, డబ్బా మూత పెట్టుకుంట.

అడిగిన. పోయి మేడంనే అడిగిన. ఆమె ఆ రోజు ప్రార్థనల బీజగణితాన్ని కూడ చేర్చింది, ఆమెన్ అనంగనే పని మొదలుపెట్టింది. మా ఆఫీసుల ప్యూన్ బుక్కు అని ఒకటి ఉండేది. ఫైలు ఒక సెక్షన్‌కెల్లి ఇంకో సెక్షన్‌కు తీస్కపోతే, అందినట్టు తీసుకున్నోళ్లు దాంట్ల సంతకం పెట్టాలె. సంతకం లేకుంటే ఫైలు ఇచ్చినట్టు కాదు. మేడం అన్ని సెక్షన్లు తిరిగి చెప్పింది, ఈమె ఒక లెక్క చెప్పేదాక ఎవ్వరూ సంతకం పెట్టొద్దని. మొదలు తమాషా అనుకున్నరు. తర్వాత అందరికీ పిచ్చి పట్టింది. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌ల వడ్డీ లెక్కలు అడిగేటోళ్లు, పై అంతస్తుల త్రిభుజాలు. రోజుకు ముప్పై ఫైళ్లు తిరిగితే ముప్పై లెక్కలు. ఫైళ్లు మోసుడు ఎప్పుడు అయిపోతదా అని చూసేదాన్ని, ఇంకో ఫైలు ఉందా అని అడుగుడు మొదలుపెట్టిన.

చాచా ఊరుకుంటడా? ఆయనకు ఉర్దూ వచ్చు గని సూత్రాలు రావు. మేడం సూత్రాలు చదివి చెప్తుంటే, చీటీల మీద ఉర్దూ అక్షరాలల్ల రాసుకొని లిఫ్ట్ గోడకు అతికించిండు. నేను ఎక్కితే వేలు పెట్టి ఒకటి అడుగుతడు, చెప్పేదాక బటన్ నొక్కడు. ఒక రోజు లిఫ్ట్‌ల ఆఫీసర్ కూడ ఉన్నడు. "చాచా, సార్ ఉన్నరు" అన్న. "సాబ్‌కు ఫికర్ లేదు, నువ్వు చెప్పు బేటీ" అన్నడు. ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ చెప్పిన, భయానికి నడుమల ముక్క మింగిన. లిఫ్ట్ కదలలే. ఆఫీసర్ గోడ దిక్కు చూసుకుంట మెల్లగ "టూ ఏబీ" అన్నడు. అప్పుడు బటన్ నొక్కిండు చాచా.

పరీక్ష రాసినంక ఇరవై దినాలు నాకు అన్నం సయించలే. ఫలితాలు పేపర్ల వచ్చిన పొద్దున, అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు పక్కన పేపర్ల బండి కాడ నిలబడి నంబర్లు చూసిన. చూసిన వరుసనే మళ్ల మళ్ల చూస్తుంటే పక్కన కాలేజీ పిల్లగాడు ఒకడు హాల్‌టికెట్ తీసుకొని చూసి, "ఉంది ఆంటీ" అన్నడు. మళ్ల చూడమన్న. మళ్ల ఉంది. తర్వాత మార్కుల కాగితం వస్తే తెలిసింది, లెక్కలల్ల యాభై ఎనిమిది. నేను ఆ రోజు బస్సు ఎక్కలే, ఆటో ఎక్కలే. ఆ జనంల, ఆ హారన్లల్ల, రోడ్డు నడిమిట్ల మహారాణి తీర్గ నడుచుకుంట నాంపల్లి దాక పోయిన.

ఆర్డర్ ఇచ్చే రోజు చిన్న సభ పెట్టిన్రు. మా ఆఫీసుల రివాజు అది, రిటైర్ అయ్యేటోళ్లకు శాలువా, ప్రమోషన్ వచ్చినోళ్లకు రెండు మాటలు. అత్తమ్మను బతిమాలి తీస్కపోయిన. ఆమె ఆఖరి వరుసల, తలుపు పక్కన కుర్చీ అంచు మీద కూసుంది. ఆఫీసర్ మంచిగనే మాట్లాడిండు. ఆఖరికి, "ఎవరి సాయం లేకుండా, ఒంటరిగా పోరాడి గెలిచిన మహిళ" అని కాగితం నా చేతుల పెట్టిండు. అందరూ చప్పట్లు కొట్టిన్రు.

మైకు దగ్గరికి గుంజుకున్న. "సార్, మీ మీద గౌరవం ఉంది. గని ఆ మాట నిజం కాదు" అన్న. మేడంను లేపి నిలబెట్టిన. అవ్వను లేపిన. చాచాను లేపిన. లెక్క అడిగి సంతకం పెట్టిన ప్రతి సెక్షన్‌ను పిలిచి పిలిచి చెప్పిన. మీరు కూడ లేవాలె సార్, టూ ఏబీ మీదే అంటే ఆఫీసర్ నవ్వుకుంట లేచిండు. సూపరింటెండెంట్ గడియారం చూసుకుంటుండు. చూసుకోనీ అనుకున్న. నా రెండు మాటలు ఇంకా అయిపోలే.

"మా అత్తమ్మ" అన్న. "రోజూ నాకంటే ముందుగాల లేచి చాయ్ పెట్టింది. కొడుకు పోయిన దుఃఖంల ఉండి, కోడలిని చదివించింది. ఈ కాగితంల నా ఒక్కదాని పేరే రాసిన్రు, జాగ తక్కువైనట్టుంది. అందుకే నోటితోని చెప్తున్న. అత్తమ్మా, లే."

ఆమె వద్దు వద్దని చెయ్యి ఊపింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మైకు ఇడువలే. హాలు మొత్తం వెనక్కి తిరిగి చూస్తుంది. ఇగ తప్పదని మెల్లగ కుర్చీ పట్టుకొని లేచింది, కొంగు సదురుకుంది, తల ఎత్తింది. చప్పట్లు ఆగేదాక కూసోలే.