తుపాకీ పట్టబోయే ముందటి వారం

మొన్న సాయంత్రం మా చెల్లెలి మనవరాలు విశాఖపట్నం నుంచి ఫోను చేసి, వచ్చే శని ఆదివారాల్లో కొత్తవాళ్ళకి రైఫిల్ కాల్చడం నేర్పే శిక్షణకి వెళుతున్నానని, ఏదో సినిమాకి వెళుతున్నట్టు తేలిగ్గా చెప్పింది. చెవులకి పెట్టుకునే డిప్పలు, కళ్ళకి అద్దాలు అన్నీ వాళ్ళే ఇస్తారట, తను నీళ్ళ సీసా ఒక్కటి పట్టుకెళితే చాలునట. భయంగా లేదా అని అడిగితే, దేనికి అమ్మమ్మా అని నవ్వేసింది. ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ కుర్చీలోనే ఉండిపోయాను. దేనికి అన్న ఆ మాటకి ఆ వయసులో నా దగ్గర ఎన్ని జవాబులుండేవో తలుచుకుంటే, డెబ్బైల చివర్లో ఒక శీతాకాలపు వారం అంతా కళ్ళ ముందుకి వచ్చేసింది. ఆ రోజుల్లో కాలేజీకి వెళ్ళిన ఆడవాళ్ళకి నేను చెప్పేది వింతగా ఏమీ అనిపించదు.

అప్పుడు మేము రాజోలు తాలూకాలో, మామిడికుదురుకి దగ్గరలో ఉండేవాళ్ళం. నాన్నగారు మిషను బడిలో మాష్టారు. నేను రోజూ పొద్దున్నే రేవుకి నడిచి, పంటు మీద వైనతేయ గోదావరి దాటి, అవతల బస్సు పట్టుకుని అమలాపురం కాలేజీకి వెళ్ళేదాన్ని. రెండో సంవత్సరంలో ఉండగా, ఖాకీ బట్టలేసుకుని కవాతు చేసే ఆడపిల్లల కేడెట్లలో చేరాను. ఎందుకు చేరావంటే నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, కవాతు అయ్యాక పూరీ, బంగాళాదుంప కూర పెట్టేవారు, అది సగం కారణం. ఆ సర్టిఫికెట్టు ఉంటే రేపు ఉద్యోగానికి పనికొస్తుందని నాన్నగారి నమ్మకం, అది మిగతా సగం. ఎడమ కుడి అంటూ కాళ్ళు కొట్టుకుంటూ నడిచినంత కాలం బాగానే ఉంది. ఒక సోమవారం నాడు మా లెక్చరరమ్మగారు వచ్చి, వచ్చే ఆదివారం సముద్రపు ఒడ్డున అందరూ రైఫిల్ కాల్చాలని, శనివారం మధ్యాహ్నానికే కాలేజీకి వచ్చి పాఠాలు విని ఆ రాత్రి అక్కడే పడుకోవాలని, కాల్చనివాళ్ళకి సర్టిఫికెట్టు రాదని చెప్పేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి.

నాకు చప్పుడంటే భయం. మామూలు భయం కాదు. మాది క్రైస్తవుల ఇల్లయినా దీపావళి మా వీధికీ వచ్చేది కదా, ఆ సాయంత్రం నేను మంచం కిందకి దూరి రెండు చెవులూ మూసుకుని, పదిహేనేళ్ళు దాటాక కూడా, బయటికి వచ్చేదాన్ని కాదు. బస్టాండులో టైరు పేలితే పక్కనున్న మనిషెవరో చూసుకోకుండా చెయ్యి పట్టేసుకునేదాన్ని. ఈ సంగతి ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. దానికి తోడు మా పైతరగతి అమ్మాయిలు, రైఫిల్ వెనక్కి తన్నితే భుజం ఎముక విరుగుతుందని, కిందటేడు ఒకమ్మాయికి నెల్లాళ్ళు చెయ్యి పైకి లేవలేదని చెప్పి మమ్మల్ని చక్కగా హడలగొట్టారు.

అన్నిటికంటే ముందు వచ్చిన చిక్కు కన్నుది. గురి చూడడానికి ఎడమ కన్ను మూసి కుడి కన్ను తెరవాలట. నాకు ఎడమది మూస్తే కుడిది కూడా మూసుకుపోయేది. అద్దంలో చూసుకుంటూ, బస్సులో కూర్చుని, ఆఖరికి పంటు మీద నిలబడి కూడా అదే సాధన. ఒకరోజు పంటు మీద ఎదురుగా కూర్చున్న పెద్దాయనెవరో నా వంక చూసి, మళ్ళీ చూసి, గొడుగు తీసుకుని మెల్లగా అవతలి చివరికి వెళ్ళిపోయారు. నేను ఆయనకి కన్ను కొడుతున్నాననుకున్నారని రేవు దిగాక గాని నాకు తట్టలేదు. అప్పట్నించి ఆయన ఎక్కిన పంటు నేను ఎక్కలేదు.

ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో దిగులు. నాన్నగారికి లోపల గర్వమే కాని, కూతురు పాంటు వేసుకుని నలుగురు మగవాళ్ళ ముందు నేల మీద బోర్లా పడుకోవాలని విన్న తర్వాత పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకోవడం ఎక్కువైంది. మామ్మకి, అంటే నాన్నగారి అమ్మకి, ఆదివారం మీద దిగులు. "ఆదివారం పూట గుడి మానేసి తుపాకీ పట్టుకుంటావంటే, రేపు పాస్టరు అయ్యగారు అడిగితే నేనేం చెప్పనే?" అని రోజుకి నాలుగుసార్లు అనేది. పాటల జట్టులో నా గొంతు లేకపోతే ఆ వారం పాట కుంటుతుందని కూడా ఆవిడ బాధ. అమ్మకి నా భుజం మీద దిగులు. తలగడ విప్పి అందులోంచి బూరుగు దూది తీసి, నా ఖాకీ చొక్కా లోపల కుడి భుజం దగ్గర చిన్న దిండులా కుట్టేసింది. అది వేసుకుంటే ఒక భుజం ఎత్తుగా, ఒక భుజం పల్లంగా కనిపించేదాన్ని. అయినా అమ్మ మాట కాదనలేక ఊరుకున్నాను.

ఇక మా మావయ్య గురించి చెప్పాలి. ఆయన అమ్మకి తమ్ముడు. మిలిటరీలో ఉండేవాడు. ఆ దశాబ్దం మొదట్లో జరిగిన యుద్ధం తర్వాత ఉద్యోగం వదిలి వచ్చేసి మా ఇంట్లోనే ఉండిపోయాడు. వెళ్ళక ముందు పెళ్ళిళ్ళలో హార్మోనియం వాయిస్తూ అందర్నీ నవ్వించే మనిషని అంటారు. నాకు తెలిసిన మావయ్య మాత్రం పొద్దున్నుంచీ పెరట్లో నేలలో పాతిన గునపం దగ్గర నిలబడి కొబ్బరికాయలు వొలుచుకుంటూ, పిలిస్తే ఒక చిరునవ్వు నవ్వి మళ్ళీ పనిలో పడిపోయేవాడు. పెళ్ళి మాటెత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. యుద్ధం గురించి ఆయన చెప్పలేదు, మేము అడగలేదు. ఆయన అరుగు మీదకి వస్తే నాన్నగారు రేడియోలో వార్తలు తగ్గించేవారు. ప్రతి దీపావళికీ ఏటి మధ్య లంకలో పనుందని చెప్పి పడవెక్కి పోయేవాడు, అమ్మ అన్నం మూట కట్టి ఇచ్చేది. ఆ రోజు లంకలో అంత పనేముంటుందని మేమెవరమూ ఆలోచించలేదు.

అందుకే ఇంట్లో ఇంత హడావుడి జరుగుతున్నా, తుపాకీ అన్న మాట ఆయన ముందు ఎవరూ పలకలేదు. కాని ఇల్లంతా దాచిన సంగతి పెరట్లోకి వెళ్ళకుండా ఉంటుందా? గురువారం సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి, కొబ్బరిచెట్ల మధ్య గోనె పరిచి, పక్కన ఆకులు కొట్టేసిన కొబ్బరి మట్ట ఒకటి పెట్టి మావయ్య నిలబడి ఉన్నాడు.

"ఇలా రామ్మా. దీని మీద బోర్లా పడుకో" అన్నాడు.

నేను చుట్టూ చూసి, పడుకున్నాను. మట్ట తీసుకుని భుజానికి ఆనించుకోమన్నాడు. మోచెయ్యి ఎక్కడుండాలో, కాళ్ళు ఎంత దూరంగా పెట్టాలో నిలబడే చెప్పాడు. ఆ మట్టని మాత్రం తన చేత్తో ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఇది నాకు చాలా ఏళ్ళ తర్వాత తట్టింది.

"కన్ను మూసుకుపోతోందండి మావయ్యా" అన్నాను ఏడుపు గొంతుతో.

"రెండూ తెరిచే చూడు. ఎవరొద్దన్నారు? ఊపిరి సగం వదిలేసి ఆపు. ట్రిగ్గరు లాక్కూడదమ్మా, జామకాయ పండిందో లేదో నొక్కి చూస్తావే, అలా మెల్లగా. ఎప్పుడు పేలిందో నీకే తెలియకూడదు."

పేలడమనేసరికి నా మొహం ఎలా అయిందో, ఆయన అది చూసి అడిగాడు. "తుపాకీ అంటే భయమా, చప్పుడంటేనా?"

"చప్పుడేనండి."

"అయితే విను. ఆ చప్పుడు నీ చెవిన పడేసరికి గుండు ఎప్పుడో వెళ్ళిపోతుంది. అది అయిపోయినదాని చప్పుడు. అయిపోయినదానికి భయపడతారేంటమ్మా ఎవరైనా?"

మిలిటరీ నుంచి వచ్చిన తర్వాత ఆయన నాతో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు. వంటింటి గుమ్మంలోంచి అమ్మ చూస్తోంది. ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉంది, పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వస్తోంది.

శనివారం నన్ను దిగబెట్టడానికి మావయ్యే బయల్దేరాడు. సైకిలు కూడా పంటు మీదకి ఎక్కించాం. పంటు అతను మమ్మల్ని చూసి, "అమ్మాయిగారు ఊరెళ్తన్నారా అండీ?" అంటే, మావయ్య "ఆయ్, తుపాకీ కాల్చడానికి" అన్నాడు. అతను గెడ వెయ్యడం మర్చిపోయి నా వంక చూశాడు. మావయ్య నవ్వాడు. కాలేజీ గేటు దగ్గర నన్ను దింపి, చెవుల్లో పెట్టుకోమని కాస్త దూది చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఇంటికే వెళ్ళాడనుకున్నాను.

ఆ రాత్రి తరగతి గదిలో బెంచీలు పక్కకి జరిపి పడుకున్నాం గాని, నాకు నిద్ర ఎక్కడిది? పొద్దున్నే లారీలో ఎక్కించి అల్లవరం దాటించి తీసుకెళ్ళారు. సరుగుడు తోట అవతల ఇసుక దిబ్బ, దాని ముందు చెక్కలకి అంటించిన గురి కాగితాలు, ఇవతల ఇసుక మూటలు. నేర్పడానికి వచ్చిన హవల్దారు గారు హిందీ, తెలుగు కలిపి ఏదో చెబుతుంటే నాకు ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు. నన్ను రెండో జట్టులో వేసి వెనక కూర్చోబెట్టారు. లెక్చరరమ్మగారు నా భుజం తట్టబోయి, చెయ్యి మెత్తగా దిగబడేసరికి ఆశ్చర్యపోయి, చెయ్యి తీసేసుకుని వెళ్ళిపోయారు.

మొదటి జట్టు కాల్చడం మొదలుపెట్టింది. నేను కళ్ళు గట్టిగా మూసుకుని మొహం పక్కకి తిప్పుకున్నాను. కళ్ళు తెరిచేసరికి తాడు కట్టిన హద్దుకి అవతల, సరుగుడు చెట్ల కింద మా సైకిలు ఇసకలో పడి ఉంది. పక్కనే చెట్టుకి వీపు ఆనించి మావయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని రెండు అరచేతులతో చెవులు మూసుకున్నాడు. ఒక్కో చప్పుడుకీ ఆయన ఒళ్ళంతా అదిరిపడుతోంది. దీపావళి నాడు మంచం కింద నేనెలా ఉండేదాన్నో, అచ్చం అలాగే. లంకలో ప్రతి ఏడూ ఏ పనుండేదో అప్పుడు తెలిసింది.

నా చెవుల మాట మర్చిపోయాను. లేచి వెళ్ళి, నేను కాల్చనండి, ఇంటికెళ్ళిపోతానని చెప్పేద్దామనుకున్నాను. లేచాను కూడా. ఇంతలో ఆ జట్టు అయిపోయింది. మావయ్య తలెత్తి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, చెట్టు పట్టుకుని నిలబడ్డాడు. నేను చూశానో లేదో అన్నట్టు ఇటు చూశాడు. నేను అప్పుడే చూసినట్టు చెయ్యి ఊపాను. ఆయన కూడా చెయ్యెత్తి, వెళ్ళు, వెళ్ళు అన్నట్టు ముందుకి ఊపాడు. కావాలంటే ఆయన అక్కణ్ణించి రోడ్డు మీదకి పోవచ్చు. పోలేదు. ఆ చప్పుళ్ళన్నీ భరించి నిలబడ్డ మనిషి కళ్ళ ముందు నేను వెనక్కి ఎలా వెళ్ళను?

వెళ్ళి పడుకున్నాను. రెండు కళ్ళూ తెరిచే చూశాను. మాకిచ్చిన అయిదు గుళ్ళూ కాల్చాను. భుజం విరగలేదు, అమ్మ కుట్టిన దిండు మీద ఎవరో వేలితో పొడిచినట్టు మాత్రం అనిపించింది. చప్పుడు విన్న జ్ఞాపకమే లేదు. ఒక్కొక్కటీ అటు చెట్ల కిందకి ఎలా వినిపిస్తోందో అన్న బెంగే నా మనసునిండా ఉంది. త్వరగా అయిపోతే చాలని కాల్చినవాటిలో మూడు కాగితానికి తగిలాయి. హవల్దారు గారు "శభాష్ బేటీ" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆనందమనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

తిరిగి వచ్చేటప్పుడు లెక్చరరమ్మగారి అనుమతితో మావయ్య సైకిలు వెనకే కూర్చుని వచ్చాను. కొబ్బరితోటల మధ్య చాలా దూరం వచ్చేశాం.

"భుజం నొప్పెడుతోందా?" అన్నాడు చివరికి.

"లేదండి."

"నేను అమలాపురంలోనే ఉండిపోయేనని చెప్పమ్మా ఇంట్లో. అంత దూరం వచ్చేనని అమ్మకి తెలిస్తే కంగారుపడుద్ది."

ఆయ్ అన్నాను. అలాగే చెప్పాను. అమ్మ నా మాట విని, తమ్ముడి మొహం వంక ఒకసారి చూసి, ఏమీ అడగకుండా ఆయన స్నానానికి వేణ్ణీళ్ళు పెట్టింది.

ఎనభైల మధ్యలో మావయ్య జ్వరంతో పోయాడు. అప్పటికి నేను ఉద్యోగంలో చేరాను. ఇప్పుడు ఆ రేవులో పంటు లేదు, వంతెన మీద బస్సు ఎప్పుడు ఏరు దాటిందో కూడా తెలియదు. పాంటు వేసుకున్న ఆడపిల్లని చూసి పేపరు అడ్డం పెట్టుకునే నాన్నలూ లేరు. మావయ్యకి ఉన్నదానికి ఇప్పుడొక పేరుంది, దానికి డాక్టర్లున్నారు, నీకెలా ఉంది అని ఎదుట కూర్చోబెట్టుకుని అడిగే పిల్లలున్నారు. మా రోజుల్లో రేడియో తగ్గించడం, అన్నం మూట కట్టడం, వేణ్ణీళ్ళు పెట్టడం, ఇవే మాకు తెలిసిన వైద్యం. అదే మర్యాద అనుకున్నాం. మా ఇంట్లో ఆయన్ని ప్రేమించనివాళ్ళు ఒక్కరూ లేరు, అడిగినవాళ్ళూ లేరు.